మందుకు లొంగనిది

(పదకొండో భాగం)

పోయిన వారం వినార్తిని ప్రయోగశాలలో, బల్ల మీద వరసగా పేర్చిన గాజు పళ్ళాల ముందు వదిలాం. బస్తారి హాజీ తోటలో బోనుల్లో పెరిగే పునుగు పిల్లుల పెంట నుంచి తీసిన బాక్టీరియాను ఆ పళ్ళాల్లో పెంచి, పన్నెండు రకాల యాంటీబయాటిక్ బిళ్ళలు వాటి మీద పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా చచ్చి శుభ్రంగా ఒక వలయం ఏర్పడుతుంది. తొమ్మిది బిళ్ళల చుట్టూ ఏ వలయమూ లేదు. మీగడ కట్టినట్టు బిళ్ళ అంచు దాకా పెరిగింది. అదే రోజు, అదే తోటలో పెంట కడిగి కాఫీ గింజలు ఏరే ఇరవై ఆరేళ్ళ లస్మి ఆసుపత్రిలో పన్నెండో రోజు జ్వరంతో పడి ఉంది. ఆమె రక్తపరీక్ష కాగితం మీద పనిచేయని మందులు ఎన్నో లెక్క చూస్తే తొమ్మిదే. అవే తొమ్మిది.

మంగళవారం పొద్దున వినార్తి జీపు బస్తారి తోట గేటు దగ్గర ఆగింది. ఆమె జిల్లా పశువైద్య శాఖలో డాక్టరు. ఈ కొండల మీద ఆవులకూ మేకలకూ సూదులు వేయడం మొదలుపెట్టి ఆరేళ్ళు దాటింది. పక్క సీటులో ఫోటోల కవరు, వెనక సీటులో ఆరోగ్య కేంద్రం డాక్టరు ఇచ్చిన అట్టపెట్టె ఉన్నాయి.

లోపల అప్పటికే ఒక వ్యాను నిలబడి ఉంది. వరండాలో కాఫీ కొనడానికి వచ్చిన నలుగురు కొరియా వాళ్ళు చిన్న గాజు కప్పులు పట్టుకుని కూర్చున్నారు. బస్తారి హాజీ తెల్ల టోపీ సర్దుకుంటూ మాట్లాడుతుంటే దుబాసీ ఒక్కో వాక్యాన్నీ వాళ్ళ భాషలోకి తిప్పుతున్నాడు.

"అడవి ప్రాణి ఇది. బాగా పండిన పండు తప్ప ముట్టదు. గింజ దాని కడుపులోనే పక్వానికి వస్తుంది. మేం చేసేదేం లేదు, అంతా ప్రకృతే."

వినార్తి అక్కడ నిలబడలేక బోనుల వైపు నడిచింది.

నడుమెత్తు గుంజల మీద తీగ బోనులు, ఒక్కోదానిలో ఒక్కో జంతువు. రాత్రంతా చెట్ల మీద ఒంటరిగా తిరగవలసిన ప్రాణి పట్టపగలు నాలుగడుగుల జాలీ మీద అటూ ఇటూ తిరుగుతోంది. ఆ తిరుగుడుకు పాదాలు పచ్చిపుళ్ళయ్యాయి. పదిహేడో బోనులోది తన తోకను తనే కొరుక్కుంది. చివర ఎముక కనిపిస్తోంది. ఆ పుండు మీద పసుపు రంగు పొడి చల్లి ఉంది. మేత పళ్ళెంలో ఎర్రటి కాఫీ పండ్లు, బొప్పాయి చెక్క, చిదిమిన అరటిపండు. అరటిపండులోనూ అదే పసుపు. కోళ్ళ మందుల దుకాణంలో ఎవరు అడిగినా కొలిచి ఇచ్చే యాంటీబయాటిక్ పొడి అది. పుండు ఉన్నదానికీ లేనిదానికీ కలిపి, రోజూ చిటికెడు చిటికెడు పెడుతున్నారు. ఆ మోతాదుకు బలహీనమైన బాక్టీరియా చస్తుంది. చావనిది మిగిలి, కడుపంతా తన సంతానంతో నింపుతుంది. దీన్ని ఈ కొండల మీద ఆమె ఎన్ని సభల్లో చెప్పిందో. విన్నవాళ్ళంతా బుద్ధిగా తలలూపి, పెట్టిన అల్పాహారం తిని వెళ్ళిపోయారు.

"నువ్వొస్తావనుకున్నాను," అన్న గొంతు వెనక నుంచి వినిపించింది. "లోపలికి రా అమ్మా. కాఫీ తెప్పిస్తాను. మామూలు కాఫీయే, భయపడకు."

బస్తారి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఈ తోట పెట్టకముందు ఆయన ఇరవై రెండేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పాడు. వినార్తికి మొదటిసారి సూక్ష్మదర్శినిలో మడుగు నీటి బొట్టు చూపించింది ఆయనే. వలస వచ్చిన జావా కూలీ కూతురు డాక్టరు చదవొచ్చని ఇంటికొచ్చి వాళ్ళ నాన్నతో వాదించిందీ ఆయనే. అందుకే ఆమె పోలీసులతో రాలేదు. ఒంటరిగా వచ్చింది.

గదిలో కూర్చోగానే ఆమె ఫోటోలు బల్ల మీద పరిచింది. "ముందు ఇవి చూడండి మాస్టారూ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ పళ్ళాలేమిటో ఆయనకు చెప్పనక్కరలేదు. ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇందులో అన్నిటికీ వలయాలున్నాయే."

"అది మీ తోటది కాదు. వాగు అవతల అడవి అంచున, దుంగల మీద ఏరుకొచ్చిన పెంట. పద్నాలుగు చోట్ల ఏరాను. రెండింటిలో మాత్రం ఒకే ఒక్క మందు పనిచేయలేదు. మిగతావన్నీ ప్రతి మందుకూ చచ్చాయి. మీ బోనుల్లో ముప్పై రెండు చూశాం. ఇరవై ఏడింటిలో తొమ్మిదేసి మందులు పనిచేయలేదు. అదే జాతి, అదే కొండ మాస్టారూ. మధ్యలో ఉన్నది ఒక్క వాగు."

"వాటికి రోగం వస్తే మందు పెట్టొద్దంటావా? మొదటి ఏడాది సగం పిల్లులు నా చేతుల్లోనే చచ్చాయి."

"రోగం వచ్చినదానికి పెట్టండి, నేనే వచ్చి సూది వేస్తాను. అన్నిటికీ రోజూ మేతలో కలపడం వైద్యం కాదు. ఆ పదిహేడో నంబరు తోక కొరుక్కుంటోందంటే దానికి కావలసింది పొడి కాదు, చోటు."

ఆయన కళ్ళజోడు తీసి పైకండువాతో తుడుచుకున్నాడు. "సరే, జంతువుల సంగతి చూద్దాం. దీనికి ఆ పిల్ల లస్మి జబ్బుకు ఏమిటి సంబంధం? నువ్వు ఊళ్ళో ఏదో అంటున్నావని విన్నాను. ఆ పిల్లకు చేతులు కడుక్కునే అలవాటు లేదు. తోటలో ఎవర్నడిగినా చెబుతారు."

వినార్తికి చెవులు వేడెక్కాయి.

"దేంతో కడుక్కోవాలి? మీ కడుగుడు పాకలో సబ్బు ముక్క ఉందా? తొడుగులున్నాయా? పద్నాలుగు మంది ఆడవాళ్ళు రోజంతా వట్టి చేతులతో పెంట పిసుకుతున్నారు. ఆ నీళ్ళు కాలవలో పడి తూటికూర మడిలోకి పోతున్నాయి. మధ్యాహ్నం ఆ కూరే వండుకు తింటున్నారు. మీ కాఫీ గింజ మాత్రం ఏడు నీళ్ళు కడిగి, వేయించి, వెదురు డబ్బాలో పెట్టి పంపిస్తారు. అది శుభ్రం. లస్మి మురికి."

"గొంతు తగ్గించు అమ్మా. బయట అతిథులున్నారు."

"ఉండనీండి."

బస్తారి ఫోటోలు దొంతరగా సర్ది పక్కన పెట్టాడు. మాట్లాడినప్పుడు అది బడిలో పరీక్ష పేపరు దిద్దే గొంతు. "రెండు కాగితాల మీద తొమ్మిది మందుల పేర్లు కలిసినంత మాత్రాన రెండు బాక్టీరియాలూ ఒకటేనని రుజువు కాదు. నీకిది నేనే నేర్పాను. ఒకవేళ ఒకటే అయినా, పిల్లి నుంచి మనిషికి వచ్చిందో, మనిషి నుంచి పిల్లికి పోయిందో ఎలా చెబుతావు? ఆసుపత్రిలోనే అంటుకుందేమో. ఎంతమందిని చూశావు? ఒక్క లస్మిని. ఒక్కదాన్ని పట్టుకుని నలభై కుటుంబాల బతుకు మీద రాయి వేస్తావా?"

అందులో తప్పు లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది. ప్రయోగశాలలో పెద్దాయన కూడా ఆ మాటే అన్నాడు. ఇంకా మనుషుల్ని చూడాలని, జన్యువులు పోల్చి చూడాలని.

"మీరన్నది నిజమే. అందుకే పాకలో మిగిలిన ఆడవాళ్ళను కూడా పరీక్ష చేయించాలి. డబ్బాలు తెచ్చాను."

ఆయన ముఖంలో నవ్వు మొదటిసారి తప్పుకుంది. లేచి బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉన్న ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మేతలో మందు నా సొంత తెలివి కాదు వినార్తీ. మీ శాఖ వాళ్ళు రాసిచ్చిందే."

పైన శాఖ ముద్ర. కింద నాలుగు వరసలు. 'పునుగు పిల్లులలో విరేచనాల నివారణ నిమిత్తం, పైన తెలిపిన పొడిని ప్రతిరోజూ మేతలో కలిపి ఇవ్వవలెను.' ఎన్నాళ్ళో రాయలేదు. అడుగున పట్టాతో సహా పూర్తి పేరు, దాని మీద గుండ్రంగా తీర్చి దిద్దిన సంతకం. కొత్తగా డాక్టరైన పిల్ల మురిపెంగా పెట్టిన సంతకం.

అది తనదే.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల. రిటైరు కాబోతున్న పై అధికారి ఒక దొంతర తెచ్చి బల్ల మీద పెట్టి, "మామూలు కాగితాలే అమ్మా, సంతకాలు పెట్టి పంపించేయ్" అన్నాడు. భోజనం వేళ. డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో సంతకాలు పెట్టింది. ఒక్కటి కూడా చదవలేదు. ఆ దొంతరలో ఇంకెన్ని తోటలున్నాయో ఆమెకు తెలియదు. అధికారిని తిట్టుకుందామనుకుంది. రాలేదు. కలం పట్టుకున్న చెయ్యి ఆయనది కాదు.

"నేనిది ఎవరికీ చూపించలేదు," అన్నాడు బస్తారి మెత్తగా. "చూపించాలని కూడా లేదు. నువ్వు నా బడి పిల్లవి. నీ ఫోటోలు నీ దగ్గర ఉంచుకో. నా కాగితం నా బీరువాలో ఉంటుంది. లస్మి ఇంటికి బియ్యం, నూనె పంపిస్తాను. నీ చదువుకు నేను పడ్డ తాపత్రయం ఇలా ముగియడం నాకిష్టం లేదు."

ఆయన కసిరి ఉంటే, బల్ల గుద్ది ఉంటే ఆమె కొంచెం తడబడేదేమో. ఆ మెత్తదనం వినేసరికి లోపలున్న గౌరవమంతా ఒక్కసారి కాలిపోయింది. ఆమె చేతిసంచిలోంచి ఫోను తీసి, కాగితాన్ని ముద్రా సంతకమూ స్పష్టంగా పడేలా రెండు ఫోటోలు తీసుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"నా నివేదికకు మొదటి పేజీగా పెడతాను."

"ఉద్యోగం పోతుంది అమ్మాయ్."

"పోనీండి మాస్టారూ. ఆరేళ్ళ క్రితమే పోవలసింది."

ఆమె జీపు దగ్గరికి వెళ్ళి అట్టపెట్టె తీసుకుని, ఇంటి వెనక ఉన్న కడుగుడు పాకలోకి నడిచింది.

పాకలో తడి నేల మీద పీటలు వేసుకుని ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చున్నారు. ముందు చాటల్లో వేరుశెనగ చిక్కీ ముక్కల్లా ఎండిన పెంట ఉండలు. వాటిని చిదిపి, తొట్లలో వేసి, గింజలు విడివడేలా అరచేత్తో రుద్దుతున్నారు. లస్మి పీట ఖాళీగా ఉంది. దాని పక్కన పెద్దావిడ తుగినెమ్, ఎదురుగా నోటి దురుసుకు పేరుపడ్డ ముర్ని.

"లస్మికెలా ఉంది డాక్టరమ్మా?" అని తుగినెమ్ తలెత్తకుండా అడిగింది.

"నిన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు పిన్నీ. ఇంకా తెలివిలోనే ఉంది."

వినార్తి నిలబడే చెప్పింది. పళ్ళాల సంగతి, వలయాల సంగతి, అరటిపండులో కలిపే పొడి సంగతి. చివరికి కాగితం సంగతి. సంతకం తనదని చెప్పింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఎవరికీ అర్థం కాలేదని అనుకునే వీలు లేకుండా.

తొట్టిలో చేతుల చప్పుడు ఆగిపోయింది.

"అంటే," అంది ముర్ని, "సంతకం మీరు పెట్టారు. తినేది పిల్లి. పిసికేది మేము."

"అవును."

"చదవకుండా పెట్టారా?"

"చదవకుండానే పెట్టాను."

"మాకు చదువు రాదు కాబట్టి చదవం. మీకేమొచ్చింది?"

వినార్తి చూపు తిప్పుకోలేదు. ముర్ని కళ్ళలోకి చూడటానికే చాలా ఓపిక కావలసి వచ్చింది. తర్వాత అట్టపెట్టె తెరిచింది. లోపల మూతలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు.

"నేను జంతువుల డాక్టర్ని. మనుషుల్ని పరీక్షించే అధికారం నాకు లేదు. ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు చేస్తారు. రేపు పొద్దున ఇందులో కొంచెం మలం పెట్టి అక్కడ ఇస్తే చాలు. మీ కడుపుల్లో కూడా ఆ బాక్టీరియా చేరిందో లేదో తెలుస్తుంది. చేరినా అందరికీ జబ్బు చేయదు. కానీ రేపు ఎవరికైనా జ్వరం వస్తే, లస్మికి పోయినట్టు పన్నెండు రోజులు వృథాగా పోకుండా, పనిచేసే మందే మొదట ఇస్తారు."

"పిల్లుల పెంట అయిపోయింది, ఇక మాది కావాలా?" అంది ముర్ని. "మాది కూడా వేయించి కొరియా వాళ్ళకు పోస్తారేమో, కనుక్కోండే."

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. పాక గుమ్మంలో బస్తారి నిలబడి ఉన్నాడు.

"బలవంతం ఏమీ లేదు," అన్నాడు ఆయన అందరి వైపూ దయగా చూస్తూ. "ఇష్టమున్నవాళ్ళు తీసుకోండి. ఒక్క మాట. ఒంట్లో ఏదో ఉందని అనుమానం ఉన్నవాళ్ళు గింజలు ముట్టుకోకూడదు కదా. జనం తాగే సరుకు. అందుకని డబ్బా తీసుకున్నవాళ్ళు రేపటి నుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. మళ్ళీ ఎప్పుడు రావాలో నేను కబురు పెడతాను."

ఆ కబురు ఎప్పటికీ రాదని ఆ పాకలో ప్రతి ఒక్కరికీ తెలుసు. లస్మికి జ్వరం వచ్చిన నాడు పనిలోంచి పంపించేసిన ఆమె భర్త కూడా పన్నెండు రోజులుగా అలాంటి కబురు కోసమే చూస్తున్నాడు.

వినార్తికి అరవాలనిపించింది. చేతులకు సబ్బు ఇవ్వని మనిషి ఇప్పుడు జనం తాగే సరుకు గురించి మాట్లాడుతున్నాడు. కానీ అరవవలసింది తను కాదని, ఇప్పుడు తను ఏమన్నా ఈ ఆడవాళ్ళను నెట్టినట్టే అవుతుందని ఆగింది. డబ్బాల పెట్టె నేల మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడింది.

ముందుగా తుగినెమ్ పీట మీద నుంచి లేచింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, తొట్టి అంచు పట్టుకుని లేచింది. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ హాజీని దాటుకుని పెట్టె దగ్గరికి వచ్చింది.

"లస్మి నా పక్కనే కూర్చునేది అయ్యా," అంది ఆయన వైపు తిరిగి. "పని అయ్యాక బూడిద పెట్టి మోచేతుల దాకా రుద్దుకునేది. చర్మం ఊడొస్తుందే అని నేనే తిట్టేదాన్ని. మీరు ఊరంతా వేరేలా చెబుతున్నారు." డబ్బా తీసి వినార్తికి అందించింది. "తుగినెమ్ అని రాయండమ్మా."

ముర్ని లేచింది. "నాదీ రాయండి. ఇంట్లో పడుకోమన్నారుగా, ఆరేళ్ళయింది పడుకుని."

ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది వచ్చారు. మిగిలిన నలుగురు తలలు వంచుకుని తొట్ల దగ్గర ఉండిపోయారు. వాళ్ళలో ఒకామె, "మా ఆయనకూ ఇక్కడే పని డాక్టరమ్మా" అంది మెల్లగా. వినార్తి ఆమె భుజం తట్టింది. ఆమె మీద కోపం రావడానికి తనకేం హక్కుంది?

పేర్లు రాయడం అయిందనుకుని ఆమె పెట్టె మూత వేయబోయింది. ఇంకొక చెయ్యి ముందుకు వచ్చింది. పగుళ్ళు లేని చెయ్యి, మణికట్టుకు సన్నటి బంగారు గాజు.

"నాకొకటి ఇవ్వండి అక్కా."

బస్తారి ఒక్కగానొక్క కూతురు రోహానా. పట్నంలో కాపురం, తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. పాక వైపు ఉన్న వంటింటి తలుపులో నిలబడి ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరూ గమనించలేదు.

"నువ్వెందుకమ్మా ఇక్కడికి వచ్చావు?" అన్నాడు బస్తారి. "నువ్వు గింజలు ముట్టుకోవుగా. లోపలికి వెళ్ళు."

"గింజలు ముట్టుకోను నాన్నా. తల్లులు వదిలేసిన పునుగు కూనలకు సీసాతో పాలు పట్టి, ఒళ్ళో వేసుకుని తుడిచేది నేనేగా. వచ్చిన దగ్గర నుంచి అదే పని."

ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వినార్తి చెయ్యి చాచి ఆమె నుదురు తాకి చూసి, చప్పున మెడ మీద కూడా పెట్టి చూసింది. కాలిపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచి రోహానా?"

"నాలుగు రోజులు. పొద్దు వాలితే చలి పుడుతోంది. మూత్రానికి పోతే మంట."

"నాలుగు రోజులా?" అన్నాడు బస్తారి. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. "నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

రోహానా తండ్రి వైపు చూడలేదు. ఖాళీ పీట వైపు చూస్తూ అంది. "అన్నం దగ్గర కూర్చుని మీరు లస్మిని రోజూ ఏమంటున్నారో విన్నాను నాన్నా. నాకూ జ్వరమని చెబితే నన్నూ అలాగే అనుకుంటారని సిగ్గేసింది."

డబ్బా మీద రాయడానికి వినార్తి కలం మూత తీసింది. రోహానా ఉన్నట్టుండి రెండు చేతులతో పొట్ట పట్టుకుని ముందుకు వంగింది. తుగినెమ్ పరుగున వచ్చి నడుము పట్టుకుంది. అంతసేపూ గుమ్మంలో ఠీవిగా నిలబడ్డ మనిషి ఆ తడి నేల మీద, కూతురి పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

రోహానా వినార్తి మణికట్టును గట్టిగా పట్టుకుంది. గాజు వినార్తి చర్మంలోకి దిగబడింది.

"నెలలు నిండలేదు కదక్కా," అంది పళ్ళ బిగువున. "మరి ఈ నొప్పులేమిటి?"